నీళ్లు లేని నదికి చప్పట్లు

ఆ రోజుల్లో నా నోట్లో నాలుక ఉందో లేదో నాకే అనుమానంగా ఉండేది. ఇంట్లో ఉంటే మా అమ్మ చెవులు మూసుకునేంత వాగుడు, క్లాసులో కూర్చుంటే మాత్రం ఉలుకూ పలుకూ ఉండేది కాదు. అనంతపురం జిల్లా పామిడి నుంచి న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌కి మాస్టర్స్ చదవడానికి వచ్చాను. రిక్కార్టన్‌లో ఫ్లాట్ వెతుక్కోవడం నేర్చుకున్నాను, బస్సులు మారడం నేర్చుకున్నాను, స్వెటర్ మీద స్వెటర్ వేసుకోవడం నేర్చుకున్నాను, క్లాసులో చెయ్యెత్తడం ఒక్కటే నేర్చుకోలేదు. (జవాబు తెలియక కాదు. తెలిసిన జవాబును ఇంగ్లీషులో పేర్చుకునేలోపు పక్కవాళ్లు చెప్పేసి కాఫీకి వెళ్లిపోయేవారు.) మార్కులు మాత్రం దండిగా వచ్చేవి. ఆ మార్కుల పుణ్యమా అని, బాగా చదివే పిల్లలందరినీ ఒకచోట చేర్చే హానర్ సొసైటీలో నన్నూ చేర్చుకుని, డునెడిన్‌లో జరిగే కాన్ఫరెన్స్‌కు రమ్మన్నారు.

ఏదో వంక చెప్పి తప్పించుకునేదాన్నే కానీ, మా ప్రొఫెసరమ్మ ఒక మెలిక పెట్టింది. వచ్చే సెమిస్టర్‌లో ఆమె క్లాసుకు ఒక ట్యూటర్ కావాలట. "నీ మార్కులు చూస్తే ఆ పని నీకే ఇవ్వాలి. కానీ ఏడాదిగా నీ గొంతే నేను వినలేదు. డునెడిన్‌కి నేనూ వస్తున్నాను, అక్కడ వింటాను" అంది. చాలా మర్యాదగానే అంది, నాకే తప్పించుకునే దారి లేకుండా పోయింది. ఎందుకంటే పాఠం చెప్పాలన్నది నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఉన్న పిచ్చి. వంటింటి తలుపు మీద సుద్దముక్కతో లెక్కలు వేసి, ఎదురుగా ఉన్న బిందెలకూ చెంబులకూ పాఠాలు చెప్పి, మా అవ్వ చేత తిట్లు తిన్నదాన్ని. ఆ పని చేజారితే ఇక జన్మలో రాదనిపించింది.

మా ఫ్లాట్‌లో ఒంగోలు వైపు నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది. పెద్దవాళ్ల హోమ్‌లో నర్సు. ఫ్లాట్‌లో గిన్నెలు ఎవరు తోమాలో మొదలుకొని ఎవరు ఎవరితో అలగాలో దాకా ఆమే నిర్ణయించేది కాబట్టి మేమంతా హైకమాండ్ అనేవాళ్లం. "ఏంటే అట్టా మొహం వేలాడేశావ్? తొంభై ఏళ్ల తాతని స్నానానికి ఒప్పించి వస్తన్నా రోజూ. నువ్వు రెండు ముక్కలు మాట్టాడలేవా? రాసుకో, బట్టీ కొట్టు, అంతే!" అంది. బట్టీ అంటే మనకు వెన్నతో పెట్టిన విద్య. ‘వేదికను అలంకరించిన పెద్దలకు’తో మొదలుపెట్టి, నా పేరు, మా కాలేజీ, మా కోర్సు, చివర్న వందనాలు, అన్నీ ఇంగ్లీషులో రాసుకుని, ఆమె పప్పు తాలింపు పెడుతుంటే ఫ్రిజ్ పక్కన నిలబడి అప్పజెప్పాను. ఆమె "ప్రెయిజ్ ద లార్డ్, ఇక పో" అని దీవించి బస్సెక్కించింది.

డునెడిన్ హాల్లో వెనక వరుస, గోడ పక్క కుర్చీ పట్టాను. అందరూ మాట్లాడేదాకా ఆగి చివర్లో లేద్దామని నా పన్నాగం. స్టేజీ మీద పొడుగాటి కివీ కుర్రాడు ఒకడు నవ్వుతూ "ముందు ఎవరు పరిచయం చేసుకుంటారు?" అన్నాడు. అందరూ పక్కవాళ్ల వైపు చూశారు. సరిగ్గా అప్పుడే పక్క తలుపు తోసుకుని ముఖ్య అతిథి వచ్చింది. తెల్లజుట్టు ప్రొఫెసర్, ఆ దేశపు మూలవాసులైన మావోరీల మనిషి. టీచర్ లోపలికి వస్తే ఏం చెయ్యాలో పామిడి హైస్కూలు నా కాళ్లకు నేర్పి పంపింది, అవి నన్ను అడగలేదు. లేచి నిటారుగా నిలబడి "గుడ్ మార్నింగ్ మేడమ్" అనేశాను, అదే పాత రాగంలో. చుట్టూ చూస్తే నిలబడింది నేనొక్కదాన్నే!

"బ్రిలియంట్! ఎంత ధైర్యం!" అన్నాడు స్టేజీ కుర్రాడు. మైకు చేతులు మారుతూ వచ్చి నా చేతిలో పడింది. కక్కలేను, మింగలేను. సరే, బట్టీ ఉందిగా అని ‘వేదికను అలంకరించిన...’ అని ఎత్తుకున్నాను. అతను ఎంతో ప్రేమగా ఆపి, "ఇక్కడి మావోరీ పద్ధతిలో చెప్పండి. ముందు మీ కొండ, తర్వాత మీ నది. పేరు ఆఖర్న" అన్నాడు. బట్టీ పట్టిన పాఠానికి తల తీసేస్తే మొండెం నడుస్తుందా? ఒక్క ముక్క గుర్తు రాలేదు. మూడో వరుసలోంచి మా ప్రొఫెసరమ్మ వెనక్కి తిరిగి నన్నే చూస్తోంది.

"మా కొండ గుత్తి కొండ. పైన కోట ఉంది" అన్నాను. "మా నది పెన్న." అక్కడితో ఆగితే పోయేది. నోరు ఊరుకోలేదు. "అందులో నీళ్లుండవు."

హాలంతా గొల్లుమంది. చెవులు కాలిపోయాయి. అయితే ఒక క్షణం ఆగి చూస్తే అందరూ ముందుకు వంగి కూర్చున్నారు, ఇంకా చెప్పమన్నట్టు. చెప్పాను. ఏటి ఇసుకలో మేం క్రికెట్ ఆడేవాళ్లమని, ఎప్పుడైనా పైన వానలు పడి నది వస్తే ఊరంతా కొట్లు కట్టేసి పెళ్లికి వెళ్లినట్టు చూడ్డానికి వెళ్లేదని, మా అవ్వ పసుపూ కుంకుమా వేసి టెంకాయ కొట్టి "వస్తివా తల్లీ!" అని ఏడ్చేదని. "మీ దేశంలో ప్రతి వంతెన కిందా నీళ్లు సముద్రంలోకి పోతుంటే చూసి నాకు వారం రోజులు నిద్ర పట్టలేదు. మా ఊళ్లో నది భూమి కింద దాక్కుంది. దాన్ని ఎలా వెతకాలో చదువుకోవడానికి వచ్చాను" అన్నాను. చప్పట్ల మధ్య దర్జాగా కూర్చున్నాను. "పేరు! పేరు!" అని హాలంతా అరిచేదాకా పేరు చెప్పలేదని తెలియలేదు. చెప్పినా లాభం లేకపోయింది, రెండు రోజులూ అందరూ "హాయ్ పెన్నా" అనే పిలిచారు.

టీ దగ్గర ఆ ముఖ్య అతిథి నా పక్కకు వచ్చి, చిన్నగా, "నువ్వు లేచింది మాట్లాడటానికి కాదని నాకు తెలుసులే. థాంక్యూ" అని కన్నుకొట్టింది. సిగ్గుతో బిస్కెట్టు సగం టీలో పడిపోయింది. మా ప్రొఫెసరమ్మ మాత్రం, "ఏడాదిగా ఈ గొంతు ఎక్కడ దాచావు? సోమవారం వచ్చి క్లాసు టైమింగ్స్ చూసుకో" అంది. ఆనందం పట్టలేక ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ అంతా విని, "అంతమంది ముందర మన ఏట్లో నీళ్లు లేవని చెప్తివా? ఊరి పరువు తీస్తివి కదమ్మే! వచ్చేటప్పుడు వస్తాయని చెప్పకూడదా?" అంది.

ఇప్పుడు నేను పాఠాలు చెబుతున్నాను. బిందెలకు కాదు, నిజం పిల్లలకే. ఆ రోజు గోడ పక్కన నిటారుగా నిలబడ్డ ఆ పిల్ల తలపుకొస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. పాపం, అందరూ ధైర్యమనుకున్నది దాని అలవాటు. కానీ ధైర్యం వచ్చాకే లేద్దామని కూర్చుని ఉంటే, అది ఇప్పటికీ ఆ కుర్చీలోనే ఉండేది.