కంట్లో పెట్టిన కాగితం

బాపు పోయిన రోజు నేను గొంతు పోయేలా ఏడ్చాను. కంట్లోంచి మాత్రం చుక్క రాలలేదు.

తొంభైల చివరి సంగతి. అప్పటికి నాకు కీళ్లవాతం మొదలై నాలుగైదేళ్లు. రెండో కాన్పు తర్వాత వేళ్ల కణుపులు వాచి, పొద్దున లేస్తే పిడికిలి ముడుచుకునేది కాదు. మేడ్చల్ నుంచి సికింద్రాబాద్ వెళ్లి చూపించుకునేదాన్ని. అక్కడి డాక్టరు ఒక్కో వేలూ నొక్కి, "ఇక్కడ నొప్పా? ఇక్కడ?" అని అడిగి మాత్రలు రాసేవాడు. కళ్లు ఇసుక పోసినట్టు గరగరలాడుతున్నాయని చెబితే, "మీ జబ్బు కీళ్లది కదమ్మా" అన్నాడు. మా ఆయన దుమ్మన్నాడు. రోడ్డు పక్క ఇల్లు, పగలంతా లారీలు. నేనూ దుమ్మే అనుకున్నాను.

శామీర్‌పేట దగ్గర మా పుట్టినూళ్లో బాపును వాకిట్లో పడుకోబెట్టారు. వచ్చిన ఆడవాళ్లు నన్ను పట్టుకుని ఏడ్చి, ఆ తర్వాత నా ముఖంలోకి చూసేవారు. మా అన్న భార్య, వదిన, అందరికీ వినబడేలానే అంది: "సూడుండ్రి, గింత గారాబంగ సాదిండు. బిడ్డ కండ్లల్ల తడి లేదు."

నేను కొంగుతో ముఖం తుడుచుకున్నాను. తుడవడానికేమీ లేదని అందరికీ తెలుస్తూనే ఉంది.

ఆ మాట అక్కడితో పోలేదు. చుట్టాల పెళ్లికి వెళ్లినా నా వెనక గుసగుసలు. బాపు మీద ప్రేమ నాకు నిజంగానే తక్కువేమోనని ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది.

కొన్నేళ్లకు నోరు కూడా ఎండసాగింది. నీళ్లు తాగితే తప్ప జొన్నరొట్టె గొంతు దిగేది కాదు. డాక్టర్ని మార్చాను. ఈ కొత్తావిడ నా వేళ్లు పట్టుకోకముందే, "నోరు ఎండుతుందా? కళ్లు మండుతాయా? మెట్లెక్కితే ఆయాసమా?" అని అడిగింది. ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్షలు రాసి, కంటి డాక్టరు దగ్గరికి పంపింది. అక్కడ సన్నటి కాగితం పట్టీని కింది రెప్ప లోపల తగిలించి కళ్లు మూసుకోమన్నారు. ఐదు నిమిషాలయ్యాక తీసి, తడి ఎంతవరకు పాకిందో కొలిచారు. కొలవడానికి పెద్దగా ఏమీ లేదు.

రిపోర్టు చూసి డాక్టరమ్మ అంది: "ఇది కీళ్ల దగ్గర ఆగే జబ్బు కాదమ్మా. కన్నీళ్లు ఊరే గ్రంథుల్ని కూడా దెబ్బ తీస్తుంది. ఏడ్చినా నీళ్లు రావు కదూ?"

ఇన్నేళ్లలో ఒక్కరూ అడగని మాట. ఊరట కలగాల్సింది. ఒళ్లు మండిపోయింది.

ఆ ఏడు పెత్తరమాస నాడు, పోయిన పెద్దలకు పెట్టుకునే అమావాస్యకి, బాపు పేరున బియ్యమిచ్చి, పుట్టింట్లో భోజనాలకు కూర్చున్నాం. వడ్డిస్తున్న వదినకు కాగితం పరీక్ష గురించి వివరంగా చెప్పాను. విని నవ్వింది.

"గా రోగం సరిగ్గ గా పొద్దే వచ్చిందా?"

అన్న విస్తరిలోంచి తలెత్తలేదు.

సాయంత్రం తనే బండి మీద బస్‌స్టాపులో దింపాడు. "గవన్ని మనసుల వెట్టుకోకు. ఆమె నోరు గంతే," అన్నాడు.

"ఆమె సంగతి ఇడిసిపెట్టు. బాపు పోయిన పొద్దు నువ్వేమనుకున్నవ్ అన్నా?"

అన్న కిక్ కొట్టాడు. "బస్సొస్తాంది, జల్దీ ఎక్కు," అంటూ బండి తిప్పాడు.

రోడ్డు మీద అటూ ఇటూ చూశాను. బస్సేదీ రావడం లేదు.