ఇరవై నాలుగు తడకల గరిష్ఠం

భిక్షం సారు సాధించిన ఘనకార్యాల్లో ఒకటి మాత్రం బడి తనిఖీ అధికారుల దృష్టికి రాలేదు. అది రామన్నపేట శివారులో, గొర్రెల సమక్షంలో జరిగింది.

గొర్రెల కాపరుల ఇంట్లో తొలి బీయెస్సీ ఆయనే. హైదరాబాదులో గణితం చదివి, పందొమ్మిది వందల అరవై నాలుగులో హైస్కూలు పంతులుగా తిరిగొచ్చాడు. అవకలనమంటే, అదే డిఫరెన్షియేషనంటే, ఎంత గౌరవమంటే, ఆ పేరెత్తేముందు గొంతు సవరించుకునేవాడు.

ఆ ఎండాకాలం మేనత్త గుర్వమ్మ గడ్డివామి అంటుకుని, పక్కనున్న దొడ్డి తడకలన్నీ కాలిపోయాయి. గొర్రెలు బతికాయి. కానీ గుట్టల్లో తోడేళ్లున్నాయి; తడకల్లేని మందంటే వాటికి విందు. పొద్దుగూకేలోగా జాగా దొరక్కపోతే మందంతా మోత్కూర్ బేరగానికి అప్పజెప్పాల్సిందే. అతగాడు అప్పటికే వచ్చి, చుట్ట ముట్టించి కూర్చున్నాడు.

ఆమె అన్న, అంటే భిక్షం తండ్రి ఐలేశం, గోడలాంటి పొడవాటి నిలువు బండ పక్కన ఇరవై నాలుగు తడకలతో దొడ్డి కట్టుకున్నాడు. దిక్కుకు ఆరు తడకలు, లోపల తడకంత పొడవూ వెడల్పూ ఉన్న ముప్పై ఆరు గళ్ల జాగా. అది సొంత మందకే సరి. చెల్లెలి మందా అంతే ఉంది.

"తడకలు గన్నే ఉంటే జాగా యాడికెల్లి పెరుగుతది చెల్లె?" అన్నాడు ఐలేశం. దొడ్డిని తడకల లెక్కన చెప్పడం ఆ వంశాచారం. తడకలు పెరగంది దొడ్డి పెరగదన్నది తాతలనాటి సిద్ధాంతం.

భిక్షం గొంతు సవరించుకున్నాడు. "బాపు, ఎనుక దిక్కు బండనే గోడ. మూడు దిక్కులే కడదాం."

"బండను నమ్మి మంద పెడ్తరార? సరే, దిక్కుకు ఎనిమిది."

"అరవై నాలుగు గళ్లే ఐతది. మనకు డెబ్బై రెండు గావాలె."

జేబులోంచి సుద్దముక్క తీసి బండమీద రాశాడు. పక్కకు x తడకలు. ముందువైపు 24 − 2x. జాగా 24x − 2x². అవకలనం 24 − 4x. అది సున్నా అయితే x ఆరు.

"సున్న అయితే గది పెద్ద దొడ్డో చిన్న దొడ్డో గెట్ల తెలుస్తదిర?"

"గుట్ట నెత్తి సాపుగుంటది, వాగు అడుగు గూడ సాపే. గా సాపే సున్న. మల్లొకసారి అవకలనం చేస్తే మైనస్ నాలుగొచ్చింది. మైనస్ అంటే గుట్ట నెత్తి."

"తక్కువొస్తే ఎక్కువనా? గీ సదువుకా నేను పొట్టేళ్లనమ్మింది?"

గుర్వమ్మ వాదం వినలేదు. బండవైపున్న ఆరు తడకలూ పీకి ముందువైపుకు మోసింది. పక్కలు ఆరారు, ముందు పన్నెండు. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ దూరాయి. ఆఖరున వచ్చిన కుంటి గొర్రె కూడా పట్టింది. బేరగాడు చుట్ట ఆర్పి లేచాడు.

ఐలేశం దొడ్డి చుట్టూ తిరిగి తడకలు మళ్లీ లెక్కపెట్టాడు. ఇరవై నాలుగే.

"అల్లుడా, ఈతకాలానికి పిల్లలు పుట్టి మంద పెరిగితే?" అంది గుర్వమ్మ.

భిక్షం బండమీద రాతను గంభీరంగా చూశాడు. "గుట్ట నెత్తికొచ్చినం అత్తా. ఇగ లెక్కతోని పైకి తొవ్వ లేదు. తడకలల్లాలె."

ఆమె పుల్లలు కొయ్యడానికి కొడవలి తీసింది. సారు చొక్కా విప్పి అల్లడానికి కూర్చున్నాడు.