సర్వరుతో ఆడిన బేరం

మా వీధిలో మొదటి ‘కుదరదు’కి అర్థం, ఇంకోసారి అడగమని. రాజమండ్రిలో ఓ సందులో, మా నాన్న కిరాణాకొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. ఆత్రేయపురంలో పూతరేకులు బేరమాడి, ఒప్పుకున్నాక కూడా కొసరు అడిగి, రోడ్డు మీదే మా ఆవిడ చేత చీవాట్లు తిన్న ఘనుణ్ణి.

ఇప్పుడు ఓ ఆసుపత్రిలో సర్వర్లు చూస్తాను. స్కానింగు బొమ్మలు ఒక్కచోట ఉండవు. ముక్కలై అయిదు సర్వర్లలో సర్దుకుని ఉంటాయి. ఏ ముక్క ఎక్కడుందో చెప్పే పటం ఒకటుంటుంది. బొమ్మ కావలసిన ప్రతి కంప్యూటరూ ఆ పటం చదువుకునే వెతుక్కుంటుంది.

ఆ పొద్దున ఒక సర్వరు గొంతుదాకా నిండింది, పక్కది సగం ఖాళీ. ముక్కల్ని కొత్త పద్ధతిలో సర్దాలంటే పటం రాసే తీరు మారాలి. కమాండు కొట్టాను. సిస్టమ్ కుదరదంది. పాత క్లయింటు, అంటే బొమ్మలు అడిగే పాత కంప్యూటరు, ఒకటి కనెక్టయి ఉంది, కొత్త పటం చదవడం దానికి రాదు. అయినా మార్చాలంటే ‘అవును, నిజంగానే అంటున్నాను’ అని చివర తగిలించమంది.

నవ్వొచ్చింది. ‘ఆ ధరకి రాదండీ’ అంటూనే సరుకు కాటా మీద పెట్టే కొట్టువాడిలా కనిపించింది. ఆ క్లయింటు ఎవరో చూడాలంటే రెండంతస్తులు దిగాలి. ఏ మూలనో మరిచిపోయిన కంప్యూటరై ఉంటుందిలే అనుకున్నాను. నిజంగానే అంటున్నానని కొట్టేశాను.

పది దాటాక స్కానింగ్ టెక్నీషియన్ ఫోను.

"సార్, నిన్నటి బొమ్మలు తెరుచుకోవట్లేదండి."

"రీస్టార్ట్ చేయండి."

"రెండుసార్లు చేశానండి. మీరేమైనా మార్చారా అండి?"

"నేనేం మారుస్తానండీ!"

సరుకు పుచ్చిందంటే ముందు ఒప్పుకోకూడదని కొట్లో నేర్చుకున్న విద్య.

కిందికి దిగితే తెలిసింది. స్కాన్లు తెరిచే సాఫ్ట్‌వేరు ఆ గదిలోని ఒక్క పాత కంప్యూటర్లోనే ఉంది. ఆ పాత క్లయింటు అదే. నిన్న యానాం వైపు నుంచి ఒకతన్ని తెచ్చారు. వల లాగుతూ పడవ అంచు మీద పడి తలకు దెబ్బ. లోపల రక్తం నిన్నటికంటే పెరిగితే వెంటనే ఆపరేషన్, పెరగకపోతే కత్తి పెట్టడమే ప్రమాదం. ఇవాళ్టి బొమ్మ స్కానరు తెర మీదుంది. పోల్చడానికి నిన్నటిది లేదు. ఫిల్ములు తీయడం ఎప్పుడో మానేశాం.

గుమ్మంలో అతని భార్య నిలబడింది.

"నిన్న నా కళ్లముందే తీశారు గదా బాబూ. ఎక్కడికి పోద్ది?"

"ఎక్కడికీ పోలేదమ్మా. ఉంది."

"ఉంటే చూపించు మరి."

పైకి పరుగెత్తాను. పటాన్ని పాత తీరుకి తిప్పాను. కదిలిన ముక్కలు వెనక్కి చేరుతూ ఉంటే, శాతం అంకె ఒక్కొక్కటే పెరుగుతూ ఉంటే, మా నాన్న కొట్లో ఒక అర గుర్తొచ్చింది. చూపు లేని ఓ ముసలావిడ రోజూ వచ్చి, తడుముకుని తన పొడుం డబ్బా తానే తీసుకునేది. కొట్టంతా మూడుసార్లు తిరగేసి సర్దినా, ఆవిడ పోయేదాకా ఆ అర జోలికి నాన్న పోలేదు. "ఇదేం వ్యాపారం నాన్నా" అని నవ్వాను అప్పట్లో.

బొమ్మ తెరుచుకునేసరికి మూడున్నర. రక్తం పెరిగింది. థియేటరుకి తీసుకెళ్లారు. అయిదింటికి అతను పోయాడు.

ఆపరేషన్ చేసిన డాక్టరుగారి గదికి వెళ్లి, నేను చేసింది చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"పొద్దున్నే ఆపరేషన్ చేసినా దక్కేవాడు కాదండి. మీరు ఇంటికెళ్లండి."

వరండాలో అతని భార్య గోడకి ఆనుకుని కూర్చుంది. నన్ను చూసి, "కనిపించిందా బాబూ?" అంది. కనిపించిందన్నాను.

డాక్టరుగారి మాట నమ్మాలని ఉంది. కానీ ఎవరైనా చెప్పిన మొదటి మాట మీద ఆగిపోవడం నాకు పుట్టుకతో లేదు. ఆ తరవాత మరో రెండుసార్లు వెళ్లి, నిజంగానే అంటున్నారా అని అడిగాను. రెండోసారి ఆయన తల ఎత్తలేదు.