సరోజ మేడమ్ ఎంటర్ నొక్కే ముందు

మొన్న చిక్కపేట మెట్రో స్టేషన్ మెట్లెక్కి రోడ్డు మీదికి రాగానే, తలమీద అట్టపెట్టెతో ఒక హమాలీ నన్ను రాసుకుంటూ దూసుకుపోయాడు. పెట్టెలో గాజులున్నట్టున్నాయి, అతని నడకకు తగ్గట్టు గలగలమంటున్నాయి. బళేపేట వైపు సందు మలుపులో తోపుడుబండి అడ్డం రావడంతో అతను టక్కున ఆగాడు. గలగల కూడా ఆగింది. చుట్టూ హారన్లు, బేరాలు, అరుపులు అన్నీ ఉన్నా నాకు మాత్రం ఆ ఒక్క చప్పుడు ఆగిపోవడమే వినిపించింది. ఊపిరి బిగబట్టి నిలబడిపోయాను. వెనకనుంచి ఎవరో విసుక్కుంటే గానీ పక్కకు జరగలేదు. ఈ వయసులో నాకిదేం జబ్బని ఎవరైనా అడిగితే, మా సరోజ మేడమ్ గురించి చెప్పాల్సి వస్తుంది.

ఆమె నా మొదటి బాస్. చిన్న చిన్న ఆసుపత్రులకూ మిల్లులకూ సర్వర్లు చూసిపెట్టే మా కంపెనీలో ఆమె మాటే చివరి మాట. బళేపేటలో తరాలుగా గాజుల టోకు వ్యాపారం చేసిన తెలుగువాళ్ల ఇంటి ఆడపిల్ల. రెండు చేతులకూ నిండా గాజు గాజులు వేసుకుని కీబోర్డు ముందు కూర్చునేది. ఆమె టైపు చేస్తున్నంత సేపూ గది గలగలమనేది. ఆ చప్పుడు ఆగిందంటే ఎంటర్ నొక్కబోతోందని అర్థం. ఆ కొన్ని క్షణాలు మాలో ఎవరూ కుర్చీ కూడా కదిపేవాళ్లం కాదు. ఆమె పోయి చాలా కాలం కాలేదు. ఆమెను ఎరగనివాళ్లకు ఆమె ఎలాంటిదో చెప్పడం కష్టం. నవ్వితే చిన్నపిల్లలా ఉండేది, కోపమొస్తే మాత్రం గొంతు పెంచకుండానే ఎదుటివాడికి చెమటలు పట్టించేది. నాకు ఆమె మీద భక్తి ఉండేదని చెబితే అబద్ధం. మొదట్లో ఒళ్లు మండేది.

నంద్యాల నుంచి డిగ్రీ పట్టుకుని వచ్చిన నాకు లాజికల్ వాల్యూముల గురించి అంతా తెలుసనే ధీమా ఉండేది. చాలా డిస్కుల్ని ఒక గుంపుగా కలిపి, ఆ గుంపులోంచి మనకు కావలసిన కొలతల్లో వాల్యూములనే భాగాలు చేసుకోవడమే కదా, అవసరం పడితే ఒకటి పెంచుతాం, ఇంకోటి తగ్గిస్తాం, అన్నిటికీ కమాండ్లున్నాయి. మొదటి రోజే ఆమె ముందు ఇదంతా గడగడా అప్పజెప్పాను. ఆమె విని, "మా అంగడి గోడౌను చూసినావా అప్పా?" అంది. లేదన్నాను. "పెద్ద గది. లోపల చెక్క పలకలు నిలబెట్టి అరలు చేసుకుంటాం. ఈ అర పెద్దది కావాలంటే పలక పక్కకి జరుపుతాం. సులభం. చిన్నది చేసేటప్పుడే ఉండాది కథ. లోపల సరుకు సర్దకుండా పలక ముందుకి తోస్తే ఏమైతాది?" "గాజులు పగులుతాయి మేడమ్." "పగిలేది పలక తోసినోడికి వినిపిస్తాది. నీ డిస్కులో అయితే చప్పుడు కూడా రాదు. కమాండ్ అయిపోయింది, బాగుంది అంటాది. అదీ తేడా." తగ్గించేటప్పుడు ముందు లోపలి ఫైల్ సిస్టమ్‌ను, అంటే ఫైళ్లు సర్దిన అమరికను, కుదించాలి, ఆ తర్వాతే వాల్యూమ్‌ను తగ్గించాలి. పుస్తకంలో ఒక్క ముక్కలో ఉన్న ఈ సంగతి ఆ రోజు నుంచి నాకు చెక్క పలకగానే గుర్తుంది.

అంతకంటే ఎక్కువ విసిగించింది ఆమె పెట్టిన ఆచారం. డిస్కుల్ని మార్చే కమాండ్ ఏది టైపు చేసినా, ఎంటర్ కొట్టకుండా రెండు చేతులూ తీసి ఒళ్లో పెట్టుకోవాలి. అది ఏం చేస్తుందో, తప్పయితే ఎవరిది ఏం పోతుందో మామూలు మాటల్లో పైకి చెప్పాలి. పక్కన ఒక మనిషి విని సరేననాలి. ఒక మిల్లులో కొత్త డిస్కు బిగించి, యంత్రం మళ్లీ ఆన్ చేసి, దాన్ని గుంపులో చేర్చుకునే కమాండ్ రాశాను. ఆమె వెనక నిలబడి ఉంది. "చేతులు తియ్యి. చెప్పు." నేను విసుగ్గా, "కొత్త డిస్కు మీద మన గుర్తు వేస్తున్నాను, దాని మీదున్నదంతా చెరిగిపోతుంది, కానీ దాని మీద ఏమీ లేదు మేడమ్" అన్నాను. "చూసినావా, అనుకుంటా ఉండావా?" చూశాను. యంత్రం ఆగి లేచేసరికి డిస్కుల పేర్లు తారుమారయ్యాయి. నేను రాసిన పేరుతో ఇప్పుడున్నది మిల్లువాళ్ల పాత నకళ్లన్నీ దాచిన డిస్కు. ఎంటర్ కొట్టి ఉంటే కమాండ్ ఒక ప్రశ్న అడిగేదే, నేను ఆ ఊపులో అవును అనేసేవాడినే. ఆమె టీ చెప్పడానికి బయటికెళ్లింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

హొసకోటె దాటాక ఉన్న ఒక ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది ఆ మరుసటేడే. అక్కడి సిస్టమ్స్ చూసే గిరీశ్ అనే ఆయన వెంటనే రమ్మన్నాడు. మేం వెళ్లేసరికి డైరెక్టర్ సర్వర్ గదిలోనే పచార్లు చేస్తున్నాడు. జరిగింది ఇది. బిల్లింగ్ వాల్యూమ్ నిండిపోయింది. దానికి చోటు కోసం గిరీశ్ స్కాన్లు దాచే వాల్యూమ్‌ను తగ్గించాడు. లోపలి సరుకు సర్దకుండా పలక తోసేశాడు. ఆ చోటు బిల్లింగ్‌కు ఇంకా ఇవ్వకముందే ఆ వాల్యూమ్ తెరుచుకోవడం మానేసింది. నకలు ఉంది గానీ అది ఆదివారం తీసినది. నారాయణమ్మ అనే ఆమె తలలో గడ్డ ఉంది. మంగళవారం తీసిన ఆమె స్కాన్లు ఈ సర్వర్లో తప్ప ఎక్కడా లేవు. ఈ రోజుల్లో స్కాన్లను ఫిల్ముల మీద ఎవరు వేస్తున్నారు? ఆ మధ్యాహ్నమే ఆపరేషన్. మళ్లీ స్కాన్ తీయాలంటే రంగు మందు ఎక్కించాలి, ఆమె మూత్రపిండాలు దానికి తట్టుకోవని డాక్టరు భయం. ఆపరేషన్ వాయిదా వేస్తే గడ్డ చుట్టూ వాపు ఆగదు. ఇదంతా ఆ డాక్టరే గుమ్మంలో నిలబడి మాకు చెప్పి, "ఏదో ఒకటి తొందరగా తేల్చండి" అని వెళ్లిపోయాడు.

"రీబూట్ చేస్తే రాదా? లేకపోతే ఆ రిపేర్ ప్రోగ్రామ్ ఏదో ఉంటుందట కదా, నడపండి" అన్నాడు డైరెక్టర్. మేడమ్ అతనికి జవాబివ్వకుండా గిరీశ్ వైపు తిరిగింది. "రిపేర్ నడిపినారా?" "ఇల్ల మేడమ్, నడపలేదు" అన్నాడు గిరీశ్, డైరెక్టర్ చెప్పుల వైపు చూస్తూ. అసలు ప్రాణం ఉన్నది అక్కడే. వాల్యూమ్ హద్దు తగ్గినా లోపలి గీతలూ చుక్కలూ అన్నీ డిస్కు మీద ఎక్కడివక్కడే ఉంటాయి, వాటి మీద ఇంకేదీ రాయనంత వరకు. రిపేర్ నడిపి దాని ప్రశ్నలకు అవునంటూ పోయి ఉంటే, కనపడని భాగాన్ని అది లేనట్టే లెక్కగట్టి మిగిలిన దాన్ని కత్తిరించి కుట్టేసి ఉంటుంది. అప్పుడిక ఎవరొచ్చినా చేసేదేం లేదు. మేడమ్ డైరెక్టర్‌తో చాలా మర్యాదగా, "సార్, ఆ స్కాన్ మెషీన్ దగ్గర ఎవరూ కొత్తగా ఏమీ పంపకుండా మీరే నిలబడి చూసుకోవాల. ఇంకెవరు చెప్పినా వాళ్లు వినరు" అంది. చేయడానికి ఒక పని దొరికినట్టు అతను వెళ్లాడు. తలుపు మూసి, ఆమె గిరీశ్ పక్కన స్టూలు మీద కూర్చుంది.

"ఇప్పుడు చెప్పండి. మీ ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం. నడిపినారా?"

గిరీశ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నడిపినాను మేడమ్. అది ఏదో సరిచెయ్యాలా అని అడిగింది. భయమేసింది. ఏమీ నొక్కకుండా ఆపేసి మీకు ఫోన్ చేసినాను." "నిజంగా ఏమీ నొక్కలేదా?" "నా పిల్లల మీద ఒట్టు మేడమ్."

ఆమె లేచి, నేను కీబోర్డు లాక్కోబోతుంటే, "స్వల్పం ఆగు. ఆయమ్మ మనుషులు యాడ ఉండారు?" అంది. నాకు మతిపోయింది. గడియారం పరుగెడుతుంటే ఈవిడ పరామర్శకు బయలుదేరింది! వెంట వెళ్లాను. వరండాలో నారాయణమ్మ భర్త ఓబులేసు గోడకానుకుని నేల మీద కూర్చున్నాడు. కదిరి నుంచి వచ్చి హొసకోటెలో అపార్ట్‌మెంట్ల దగ్గర తాపీ పని చేస్తున్నాడు, వేళ్లనిండా సిమెంటు పగుళ్లు. డాక్టరు ఇంకో కేసులో ఉన్నాడని అతనికి ఆసుపత్రివాళ్లు చెప్పి ఉంచారు. మేడమ్ అతని పక్కన గొంతుకూర్చుంది.

"చూడప్పా, డాక్టరు సిద్ధంగానే ఉండాడు. మీ ఇంటామె తల ఫొటోలు దాచిన యంత్రం మావల్ల చెడింది. మేము చూసుకునే యంత్రం అది. అవి తిరిగి తెచ్చేదానికి వచ్చినాం."

"వస్తాయా అమ్మా?" అన్నాడు ఓబులేసు.

నేను నోరు తెరిచాను, వస్తాయిలే అందామని. నా మోచేయి మీద ఆమె చెయ్యి పడింది. "తెలీదప్పా. వచ్చేదానికి అవకాశం ఉండాది. తెలిసినాక మొదట నీకే వచ్చి చెప్తా." అతను తలూపాడు. ఆ తలూపడం చూసి నాకు ఏడుపొచ్చింది. వస్తాయని చెప్పి ఉంటే అతనికెంత తేలికగా ఉండేది, నాకూ అంతే తేలికగా ఉండేది కదా అని ఆమె మీద కోపం కూడా వచ్చింది.

లోపలికి వచ్చాక ఆమె నన్నే కీబోర్డు ముందు కూర్చోబెట్టింది. డిస్కుల గుంపులో ఏ మార్పు చేయబోయినా, అంతకుముందు స్థితి ఎలా ఉందో వ్యవస్థ తనంతట తానే ఒక పటం గీసి దాచుకుంటుంది. ఆ పటాల్లోంచి ఒకదాన్ని తిరిగి అమల్లో పెట్టే కమాండ్ ఉంది, దాని పేరు చెప్పాలంటే నోరు తిరగదు. పటాలన్నీ వరసగా తెరమీదికి రప్పించాను. తగ్గించడానికి ముందుదని రాసి ఉన్నవి ఒకటి కాదు, రెండు కనిపించాయి. గిరీశ్ మొదట ఒకసారి ప్రయత్నించాడట, సరిపోలేదని మళ్లీ తగ్గించాడట. ఆ సంగతి అప్పటివరకూ ఆయనే మరచిపోయి ఉన్నాడు. రెండో పటం పెడితే సగం తగ్గిన వాల్యూమే వస్తుంది. మొదటిదాన్ని తెరిచి, పాత కొలత ఆదివారం నకలులో ఉన్న కొలతతో సరిపోయిందో లేదో ముగ్గురం చూశాం. కమాండ్ రాశాను. చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"చెప్పు" అంది.

"మొదటిసారి తగ్గించకముందు హద్దులెక్కడున్నాయో అక్కడికి జరుపుతున్నాను. డిస్కు మీద ఇంకేమీ రాయడం లేదు. ఇది తప్పయితే..." ఒకసారి తెర వైపు చూశాను. "తప్పయితే నారాయణమ్మ స్కాన్లు పోతాయి."

"గిరీశ్, మీరేమంటారు?" ఆయన్ని అడుగుతుందని నేననుకోలేదు, ఆయనా అనుకోలేదు. తెర దగ్గరికి వంగి ప్రతి అక్షరం చదివి, "సరిగ్గా ఉంది మేడమ్" అన్నాడు. ఎంటర్ కొట్టాను. వాల్యూమ్‌ను ఒకసారి మూసి మళ్లీ తెరిచాను. రాయడానికి వీల్లేకుండా చదవడానికి మాత్రమే ఫైళ్లు రప్పించాం. కాసేపు ఖాళీ తెర మీద కర్సర్ ఒక్కటే కొట్టుకుంది. తర్వాత పేర్లు వరసగా జారుకుంటూ వచ్చాయి. మంగళవారం. నారాయణమ్మ. డాక్టరు పరుగున వచ్చి ఒక్కో బొమ్మా తెరిచి చూసుకుని, అన్నీ ఉన్నాయన్నాడు. గిరీశ్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఆపరేషన్ థియేటర్ తలుపులు మూసుకున్నాక డైరెక్టర్ అడిగాడు, ఈ పని చేసిందెవరో మీ నోటితో చెప్పండని. "చేసినోడెవరో మీకు తెలుసు సార్. చేసినాక దాచుకోకుండా ఫోన్ చేసినోడు కూడా ఆయనే. ఆయన్ని పంపించేస్తే ఈసారి ఫోన్ రాదు" అంది మేడమ్. గిరీశ్ ఆ ఉద్యోగంలోనే ఉన్నాడు.

అంతకుముందే, డాక్టరు అన్నీ ఉన్నాయనగానే, ఇచ్చిన మాట ప్రకారం ఓబులేసు దగ్గరికి ఆమే వెళ్లి చెప్పింది. అతను లేచి రెండు చేతులూ జోడించి ఆమె కాళ్ల మీద పడబోయాడు. ఆమె వెనక్కి జరిగింది. ఆమె ముఖం కందిపోయింది. "వద్దప్పా. పోగొట్టింది మేమే, తెచ్చింది మేమే. దీనికి దండమెందుకు?" ఓబులేసు చేతులు దించలేదు. "పోగొట్టినామని చెప్పినోళ్లని నేను ఇంతవరకు చూళ్లేదమ్మా" అన్నాడు. నారాయణమ్మ బతికింది. మాట తిరిగి రావడానికి నెలలు పట్టింది.

మేడమ్ దగ్గర నేర్చుకున్న కమాండ్లలో చాలావాటిని ఇప్పుడు వేరే పద్ధతులు మింగేశాయి. పోయిన వారం ఒక కోల్డ్ స్టోరేజీలో మేం చూసే సర్వర్లో వాల్యూమ్ నిండి గేటు పాసులు ఆగిపోయాయి. వెళ్లగానే బయట ఎవరున్నారని అడిగాను. టమోటా లోడుతో ఒక లారీ డ్రైవరు ఉన్నాడు. వెళ్లి, మావల్లే ఆగిందనీ ఎంతసేపవుతుందో ఇంకా తెలియదనీ చెప్పాను. అతను నన్నూ మా కంపెనీనీ మా యంత్రాల్నీ కలిపి కడిగేశాడు. నిలబడి అంతా విన్నాను. తిట్టడం అయ్యాక, "సరే, నువ్వన్నా వచ్చి చెప్పినావు" అని బీడీ వెలిగించుకున్నాడు. నేను లోపలికెళ్లి పని మొదలుపెట్టాను.