నాన్న వీపు పెట్టిన బస్తాలు

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. సాయంత్రం ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే ఇంట్లో అందరికీ తుమ్ములొచ్చేవి. మూడేళ్ల చెల్లి తుమ్ముకుంటూనే "నాన్నొచ్చాడు!" అని ఎదురు పరిగెత్తేది.

యార్డులో బస్తాలను ఒకదానిమీద ఒకటి పేర్చి మనిషికంటే ఎత్తుగా నెట్టు కట్టేవాళ్లు. నెట్టు ఒరిగితే నాన్న పారిపోయేవాడు కాదు. దానికి వీపు ఆనించి నిలబడి "పట్టండ్రా!" అని కేకేసేవాడు. మిగతా హమాలీలు వచ్చి సర్దేవాళ్లు. మిరపకాయల బస్తా మెత్తన. మీద పడ్డా దులుపుకుని లేచేవాళ్లు.

ఊళ్లో అపార్టుమెంట్లు జోరుగా లేస్తున్న రోజులవి. ఎండాకాలం యార్డుకు సెలవులిచ్చాక నాన్న ఒకచోట కూలికి కుదిరాడు. అక్కడ సిమెంటు బస్తాలనూ అంతే ఎత్తుకు పేర్పించారు. ఒక మధ్యాహ్నం ఆ నెట్టు ఒరిగింది. కూలీలంతా పక్కకు దూకారు. నాన్న మాత్రం వీపు పెట్టి "పట్టండ్రా!" అన్నాడట. బస్తాలు తీసేసరికి ప్రాణం లేదు.

అంత ఎత్తు పేర్చొద్దని, ఒరిగితే పరిగెత్తమని ఆయనకు ఒక్కడూ చెప్పలేదు. చెప్పాల్సిన మేస్త్రి పాడె మొయ్యడానికి మాత్రం ముందుకొచ్చాడు. "చాలా మంచోడమ్మా" అన్నాడు మా అమ్మతో. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

దినాలయ్యాక అమ్మ, కొక్కేనికి వేలాడుతున్న నాన్న యార్డు చొక్కా తీసి దులిపింది. వంటింట్లో చెల్లి తుమ్మింది. తుమ్ముకుంటూనే "నాన్నొచ్చాడు!" అని గుమ్మంలోకి పరిగెత్తింది.