పసుపు పెట్టిన రుమాళ్ళు

ఆ రోజుల్లో మా రాజమండ్రి ఇళ్ళల్లో సూదికి ఉన్న పని ఒక్కటే, కాల్లో ముల్లు తీయడం. ఆ పని కాగానే దాన్ని చూరులో గుచ్చేవారు. మళ్ళీ ఇంకెవరికో ముల్లు గుచ్చుకునేదాకా అది అక్కడే విశ్రాంతి తీసుకునేది. బట్ట అంటే మగ్గం మీంచి దిగింది దిగినట్టు కట్టుకునేదే. దానికి కత్తెర పడినా, సూది దూరినా ఇక అది మడికి పనికిరాదు. రవికలు లేవా అంటే ఉన్నాయి, కాని వాటిని కుట్టడం బజారులో దర్జీ పని, వాటిని విప్పి పక్కన పెట్టి మడి కట్టుకున్నాకే వంటింట్లోకి వెళ్ళడం ఇంటి ఆడవాళ్ళ పని. ఇప్పుడు మా మనవరాలు కుట్టు మిషను ముందు కూచుని, పాట పాడుకుంటూ, పాట అయ్యేసరికి గౌను పూర్తి చేసేస్తుంది. పైగా "నీకు కుట్టడం వచ్చా మామ్మా?" అని అడుగుతుంది. వచ్చు అంటాను. ఎలా వచ్చిందని అడిగితే మాత్రం కాస్త సర్దుకుని కూచోవాలి.

గోదావరి మీద రైలు వంతెన ఇంకా నీళ్ళల్లో స్తంభాలుగానే ఉన్న కాలం అది. నాకు పెళ్ళయింది, కాపురానికి పంపలేదు. (మా ఆయన కాకినాడలో చదువుకుంటున్నారని చెప్పేవారు. నేను నమ్మాను, చూడలేదు.) ఆ మధ్యకాలంలో ఊరికే కూచోబెట్టడం ఎందుకని మా నాన్న నన్ను ఆడపిల్లల బడిలో వేశాడు. మా నాన్న ప్లీడరు గారి దగ్గర గుమాస్తా. ప్లీడరు గారు ఏది చెబితే అది రాసేవాడు, ఇంట్లో మా మామ్మ ఏది చెబితే దానికి తల ఊపేవాడు. నన్ను బడిలో వెయ్యడం ఒక్కటే ఆయన జన్మలో సొంతంగా చేసిన పని. అది కూడా మామ్మ కాశీ ప్రయాణంలో, ఊళ్ళో లేనప్పుడు చేశాడు.

మామ్మ అంటే మా నాన్న తల్లి. మా తాతగారు పోయి చాలా ఏళ్ళయింది. బొట్టు లేదు, గాజులు లేవు, ఒంటిమీద తెల్లటి పంచె. వీధిలో ఏ పేరంటం జరిగినా మామ్మ మా అరుగు మీదే ఉండిపోయేది. వెళ్ళకూడదు కదా. కాని ఆ పేరంటంలో ఏ తప్పు జరిగిందో, ఎవరు ఏ చేత్తో తాంబూలం పుచ్చుకున్నారో సాయంత్రానికల్లా అరుగు మీద కూచునే తేల్చేసేది. శాస్త్రం విషయంలో మా వీధికి హైకోర్టు ఆవిడే.

మా బడికి వారానికోసారి ఒక దొరసాని గారు వచ్చి కుట్టు నేర్పేవారు. ఆవిడ భర్త వంతెన కట్టే ఇంజనీర్లలో ఒకాయన. దొరసాని గారికి తెలుగు బాగా వచ్చు, అదే చిక్కు. ఎవరో పండితుడి దగ్గర పుస్తకాలు పెట్టుకుని నేర్చుకున్నారు. "ఓ బాలికా, నీ సూది యెచ్చట నున్నది?" అనేవారు. మేం తెల్లమొహాలు వేసేవాళ్ళం. పక్కన మా పంతులమ్మ గారు, "సూదేదీ అంటున్నారే" అని తెలుగును తెలుగులోకి మార్చి చెప్పేవారు. అలా నేను అంచు మడిచి కుట్టడం నేర్చుకున్నాను. నిజానికి కుట్టు కంటే నాకు అక్షరాల మీద ప్రాణం. అప్పుడే కథల పుస్తకం తడబడకుండా చదవడం పట్టుబడుతోంది. బడి లేని రోజు నాకు అన్నం కూడా రుచించేది కాదు.

ఆ ఏడు గోదావరి పొంగి లంకల్లో చేపలు పట్టుకునే వాళ్ళ పాకలన్నీ తీసుకుపోయింది. పిల్లాజెల్లాతో గట్టు మీదికొచ్చి పడవల కింద తల దాచుకున్నారు. దొరసాని గారు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట. మర్నాడు బడికి వచ్చి, "బాలికలారా, శీఘ్రముగాను సులభముగాను కుట్టదగిన వస్తువులను మనము కుట్టి, విక్రయించి, వారికి గృహములు కట్టింతము" అన్నారు. "తొందరగా అయ్యేవి కుట్టి అమ్ముదామంటున్నారు, పాకలు వేయించడానికి" అన్నారు పంతులమ్మ గారు. ఆ వస్తువులు ఏవంటే, మొదటిది చేతి రుమాలు. ముక్కు తుడుచుకుని దాన్ని మళ్ళీ జేబులో దాచుకోవాలి. (ఎందుకు దాచుకోవాలో పంతులమ్మ గారు కూడా చెప్పలేకపోయారు.) రెండోది సూదులు గుచ్చుకునే చిన్న దిండు. మూడోది టీ కూజాకు తొడిగే టోపీ. కూజా ముక్కూ చెవీ బయటికి వచ్చేలా దానికి రెండు పక్కలా కంతలు ఉంటాయి. టీ చల్లారిపోకుండా కాపాడుతుందట. మా ఊళ్ళో టీ తాగేవాళ్ళు లేరు సరే, రాజమండ్రిలో వేడిని కాపాడుకోవలసిన అవసరం ఎవరికి వస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంటికొచ్చి గొప్పగా చెప్పాను. మామ్మ జపం చేసుకుంటోంది. మాల తిప్పడం ఆపి, "సూదులకి దిండేంటే? ఆఖరి రోజుల్లో మీ తాతగారికే లేదు దిండు" అంది. కుట్టిన గుడ్డ అమ్మే చోటికి మన వీధి ఆడవాళ్ళు రానే రారు, వచ్చినా ముట్టుకోరు అని తీర్పు చెప్పింది. "నువ్వు జపమాల పెట్టుకునే సంచి కుట్టినదేగా మామ్మా" అన్నాను. మామ్మ సంచీ వంకా నా వంకా చూసి, "ఇది కాశీలో కుట్టింది" అంది. మామ్మ అక్కడితో ఊరుకోలేదు. "ఇలాంటి ఎదురు మాటలు నేర్పడానికా నిన్ను బడికి పంపుతోంది? చూడూ, మన వీధిలో ఒక్కత్తి, ఒకే ఒక్కత్తి, ఆ గుడ్డముక్కల్లో ఏదైనా డబ్బిచ్చి కొందా, నువ్వు కాపురానికి వెళ్ళేదాకా బడికెళ్ళు. కొనలేదా, మర్నాటి నుంచి వంటింట్లో ఉండు." నేను నాన్న వంక చూశాను. నాన్న తల ఊపాడు.

ఇక చూడండి నా కుట్టు. దసరా సెలవులు కూడా లేకుండా కుట్టాను. వేళ్ళు పొడుచుకున్నాను, దారం పళ్ళతో కొరికి తిట్లు తిన్నాను. నా రుమాలు అంచు వంతెన పని లాగే ఒకచోట ఎత్తుగా, ఒకచోట పల్లంగా ఉండేది. అన్నీ పూర్తయి, తెల్లని మల్లుగుడ్డ రుమాళ్ళు బుట్టలో పెట్టాక నాకు ఒక సంగతి తట్టింది. పిల్లలందరికీ చెబితే వాళ్ళకీ తట్టింది. కొత్త గుడ్డకు పసుపు పెట్టకుండా ఎవరైనా ఎవరికైనా ఇస్తారా? పాపం దొరసాని గారికి తెలియదు, చెప్పేవాళ్ళు లేరు. మర్నాడు అమ్మకం అనగా నేను ఇంటి నుంచి ఆకులో పసుపు తడిపి తెచ్చాను. అందరం కూచుని ప్రతి రుమాలుకూ నాలుగు మూలలా బొట్లు పెట్టాం. సూదుల దిండుకు పెట్టాం. టీ టోపీకి కంతల చుట్టూ పెట్టాం. ఎంత నిండుగా ఉందో చూసుకుని ఇళ్ళకు పోయాం.

పొద్దున్నే దొరసాని గారు బుట్ట తెరిచారు. ఒక రుమాలు తీసి అటూ ఇటూ తిప్పి చూశారు. తరువాత, "ఈ మాలిన్య మెట్లు వచ్చినది?" అన్నారు. పంతులమ్మ గారు చెప్పబోయారు కాని అప్పటికే ఆవిడ చేతులు పైకి మడుచుకుని, ఇంటి నుంచి సబ్బు తెప్పించి, తొట్టి దగ్గర కూచున్నారు. మొదటి రుమాలును ప్రాణం పెట్టి రుద్దారు. సబ్బు తగలగానే పసుపు ఏమవుతుందో మన ఇళ్ళల్లో చంటిపిల్లకు కూడా తెలుసు. ఎర్రగా అయింది. ఆవిడ తన చేతులు చూసుకున్నారు, సబ్బు చూసుకున్నారు. ఇంకా గట్టిగా రుద్దారు. ఇంకా ఎర్రగా అయింది. మేం మాత్రం చుట్టూ నిలబడి, ఎంత తెలిసిన మనిషి, పసుపు చాలదని పారాణి కూడా పెడుతోంది అనుకున్నాం. ఆ రుమాలు ఆవిడ పిండి పిండి విసుగొచ్చి గోడ మీదికి విసిరేశారు. మిగిలినవాటికి తలా కాస్త సబ్బు తగిలి, సగం పసుపుగా, సగం ఎర్రగా ఉండగానే వీధిలో బండ్ల చప్పుడు వినిపించింది. తడివి తడిగానే వసారాలో దండెం మీద ఆరేసి, దొరసాని గారు ఒక కుర్చీలో కూలబడ్డారు.

వీధి వీధంతా వచ్చింది. కొనడానికి కాదు, దొరసాని గారి టోపీ మీద నిజంగా పిట్ట ఉంటుందో లేదో చూడడానికి. (ఉంది. బతికున్నది కాదు.) మగవాళ్ళు రాకుండా గుమ్మానికి దుప్పటి కట్టాం. మామ్మ కూడా వచ్చింది, లోపలికి రాకుండా బయట అరుగు మీద, అందరికీ దూరంగా కూచుంది. నేను పందెం ఎలా ఓడిపోతానో కళ్ళారా చూడాలిగా. చాలాసేపు ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు. నాకు వంటింటి పొగ అప్పుడే కళ్ళల్లోకి వస్తున్నట్టు ఉంది. ఇంతలో మునసబు గారి భార్య దండెం దగ్గర ఆగింది. "పసుపూ పారాణీ పెట్టారే. ఎవరు పెట్టారండీ?" అంది. "దొరసాని గారు స్వయంగా చేశారండి" అన్నారు పంతులమ్మ గారు. ఆ మాటలో అబద్ధం లేదు.

అంతే, ఆవిడ కొంగు పట్టింది. పసుపు పెట్టిన గుడ్డ ఎదురుగా ఉంటే ఏ ముత్తైదువ వద్దంటుంది? ఆవిడ పుచ్చుకుంది కాబట్టి పక్కావిడ పుచ్చుకోవాలి, లేకపోతే ఏం బాగుంటుంది. పుచ్చుకున్నాక ఊరికే వెళితే దొరసాని ముందు మన పరువేం కాను, కాబట్టి పంతులమ్మ గారు ముందు పెట్టుకున్న పళ్ళెంలో తలా కాస్త డబ్బు వేశారు. సూదుల దిండ్లు వెళ్ళిపోయాయి. టీ టోపీని ఒకావిడ చంటి మనవడి నెత్తిన పెట్టి చూసింది. రెండు కంతల్లోంచీ వాడి చెవులు సరిగ్గా బయటికొచ్చాయి, ఇంత తెలివిగా కుట్టింది ఎవరని అందరూ మెచ్చుకున్నారు. తన విద్యార్థినుల కుట్టుపనికి దేశం ఇంతగా ముగ్ధమవుతుందని దొరసాని గారు కలలో కూడా అనుకోలేదు. ఆవిడకు అసలు సంగతి ఎవరూ చెప్పలేదు.

నేను ఎగురుకుంటూ అరుగు మీదికి వెళ్ళాను. "మామ్మా, అందరూ కొన్నారు."

"ఏది కొన్నారే? పసుపు పెట్టి ఇచ్చారు, పుచ్చుకున్నారు. పళ్ళెంలో దక్షిణ వేశారు. దాన్ని వాయనం అంటారు. కొనడమంటే వద్దనే వీలుండాలి. వద్దనడానికి వీల్లేనిది కొనడం ఎలా అవుతుంది?"

పంతులమ్మ గారు వచ్చి ఏదో వాదించబోయి, విషయం శాస్త్రంలోకి వెళ్ళేసరికి వెనక్కి తగ్గారు. గుమ్మం బయట నిలబడి ఉన్న మా నాన్న అలవాటు చొప్పున తల ఊపాడు. ఇక నా చదువు అయిపోయిందని నాకు తెలిసిపోయింది. ఏడవకూడదనుకున్నాను కాని ఏడ్చాను. బండ్లన్నీ వెళ్ళిపోయాయి. బుట్టలూ దండెమూ తీసేస్తుంటే గోడ మీద ఆ మొదటి రుమాలు కనిపించింది. దొరసాని గారి రుద్దుడుకీ, రోజంతా కాసిన ఎండకీ దాని మీద పసుపు లేదు, ఎరుపు లేదు. పాలలా తెల్లగా ఉంది. అందుకే ఎవరూ దానివైపు చూడలేదు. శుభమా అని వచ్చి బోడిగుడ్డ ఎవరు పట్టుకెళతారు?

"అదిలా తే" అంది మామ్మ.

ఇచ్చాను. వెలుతురుకు పట్టి, అంచు పొడుగునా వేలితో తడిమి చూసింది. "ఎవరే ఇది కుట్టింది?"

"నేనే."

"తెలుస్తూనే ఉంది." పంతులమ్మ గారి వైపు తిరిగి, "దీనికి పసుపు లేదు కదండీ?" అంది.

"లేదండీ. ఇది ఎవరూ తీసుకోరు లెండి, ఇంట్లో వాడేసుకుంటాం."

"పసుపు లేదు కాబట్టి వద్దంటే తప్పు లేదు. నేను వద్దనడం లేదు." మామ్మ బొడ్డులోని చిన్న మూట విప్పి పళ్ళెంలో డబ్బు వేసి, రుమాలు మడత పెట్టుకుంది. నేను ఇంకా ఏడుస్తూనే ఉన్నాను, ఏం జరుగుతోందో అర్థం కాక.

"ఏడుపు ఆపవే. మన వీధిలో ఒక్కత్తి కొంటే చాలన్నాగా. నేనూ ఈ వీధిదాన్నేగా" అంది మామ్మ.

ఆ మర్నాటి నుంచి కాపురానికి వెళ్ళేదాకా బడికి వెళ్ళాను. లంకల్లో పాకలు లేచాయి, తాటాకు కొత్తగా మెరుస్తూ ఉండేది. ఆ నెలంతా నేను కనబడిన ప్రతివాళ్ళనూ ఆపి, మా మామ్మ అంతటిది నా చేతిలో ఓడిపోయిందని చెప్పుకున్నాను. వాళ్ళు అరుగు దగ్గరికి వచ్చి, "నిజమేనాండీ?" అని అడిగితే, మామ్మ మొహం ముడుచుకుని, "ఏం చేస్తాను, మాటకి కట్టుబడాలి కదా, ఓడిపోయాను" అనేది. ఆ మొహం చూసి నేను ఇంకా పొంగిపోయేదాన్ని. కాపురానికి వెళ్ళాక కూడా మా అత్తగారికి ఈ గెలుపు కథే చెప్పాను. ఇప్పుడు నాకు మామ్మ వయసు వచ్చింది. అంత తెలివైన మనిషిని గెలిచానని విర్రవీగిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వు వస్తుంది. మామ్మను తలుచుకునేసరికి ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.