ఎక్కడికని అడగని ఇల్లు

కోదాడ నుంచి వచ్చే పొద్దుటి బస్సు మా వీధి మొగలో ఆగదు. ఆ రోజు ఆగింది. డ్రైవరు దిగి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని మా వాకిట్లో నిలబడ్డాడు. "అమ్మా, పెద్దసారు ఇగ లేడు. రాత్రి చెల్లెలింట్ల నిద్రలనే పోయిండు. సైకిలు నా బస్సు మీద ఉన్నది, దించుకోండ్రి," అన్నాడు. మా అత్తమ్మ అరుగు మీద కూర్చుని వత్తులు చేస్తున్నది. చేతిలో ఉన్న వత్తిని పూర్తి చేసి పక్కన పెట్టింది. ఆ తరువాత ఏడ్చింది.

పోయినది మా బావగారు, మా వారి అన్న. సూర్యాపేట బడిలో ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్నవారు చాలామంది ఉన్నారు. ఆయన పాఠాల గురించి వారు చెప్పగలరు. నాకు తెలిసింది ఆయన సైకిలు సంగతి.

మా ఇళ్ళలో తమ్ముడి భార్య బావగారి ఎదుట నిలబడి మాట్లాడదు. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నా ఆయనతో నేను నేరుగా ఆడిన మాటలు బహు తక్కువ. ఆయన నాకు చెప్పదలచినది వాళ్ళ అమ్మకు చెప్పేవారు, వంటింట్లోకి వినపడేటట్టు కాస్త గట్టిగా. నేనూ తలుపు చాటునుంచి జవాబు అత్తమ్మకే చెప్పేదాన్ని. "నాకు చెవుడు రాలేదింకా. ఇద్దరు కలిసి తెప్పిచ్చేటట్టున్నరు," అని ఆమె విసుక్కునేది.

వయసులో ఉండగా సర్కారువారు బావగారిని ఉపాధ్యాయ శిక్షణ కోసం ఇంగ్లండు పంపారు. అక్కడినుంచి ఆయన ఒక పట్టాతో పాటు ఒక అలవాటు తెచ్చుకున్నారు. అక్కడ సెలవునాడు జనం రొట్టె, జున్నులాంటి గట్టి ముక్క ఒకటి గుడ్డలో కట్టుకుని, సైకిళ్ళెక్కి పల్లెల సన్నబాటలు పట్టేవారట. బాటకు రెండువైపులా మనిషెత్తు పచ్చని కంచెలు. కంచెల్లో నల్లటి పళ్ళు, కోసుకుని తింటే వేళ్ళు ఊదారంగు అయ్యేవట. చినుకు పడితే ఏ గుడి వసారాలోనో నిలబడటం, గొర్రెలు అడ్డం వస్తే దిగి ఆగటం, ఎవరింటి ముందో చాయ తాగి పొద్దు వాలేసరికి తిరిగి రావటం. అంతే.

"ఏమన్న కొనొస్తరా?" అని అత్తమ్మ అడిగేది.

"ఏం కొనరు. ఏం అమ్మరు. సుట్టాలిండ్లకు పోరు. ఊరికే పోతరు, వస్తరు."

"దొరలకంటే పని లేదు. నీకూ లేదా?"

"బడికి సుట్టీ గదనే అమ్మా."

ఇక్కడ ఆ కంచెలు లేవు. తుమ్మచెట్లు, రేగుపొదలు, జొన్నచేలు ఉన్నాయి. అవి ఆయనకు సరిపోయాయి. ఆయన భార్య చిన్నవయసులోనే పోయింది, పిల్లలు లేరు. సెలవు రోజు వస్తే నేను కట్టిచ్చిన జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, పచ్చడి తీసుకుని, ధోవతి అంచును గొలుసులో పడకుండా పురికొసతో కట్టుకుని, బండ్ల బాటల మీద బయలుదేరేవారు. ఒకనాడు మోతె వైపు, ఒకనాడు మిర్యాలగూడ దారిలో పొలాల వెంట. నడిచేవాళ్ళు కూడా ఒక్కొక్కసారి ఆయనను దాటి వెళ్ళేవారు. ఎదురుగాలి వీస్తే దిగి నడిచేవారు. "గాలితోని కొట్లాట మనకెందుకు? అది పోయేదాక ఆగుదాం," అనేవారు. తిరిగి వచ్చాక అరుగు మీద కూర్చుని అమ్మకు చెప్పేవారు: ఏ చేలో పాలపిట్ట కనబడింది, ఏ వాగులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయి, ఏ తండాలో ముసలమ్మ కూర్చోబెట్టి మజ్జిగ పోసింది. గడప దాటి ఎక్కువ తిరగని నేను ఈ చుట్టుపక్కల దారులన్నీ వంటింట్లో కూర్చుని నేర్చుకున్నాను.

ఆయన ఎటు పోతున్నారో ముందుగా మాలో ఎవరికీ తెలిసేది కాదు. బయలుదేరే మనిషిని ఎక్కడికని అడగటం మంచిది కాదని మా అత్తమ్మ పట్టింపు. మా పిల్లల నోట ఆ మాట వస్తే, పోయే మనిషిని వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి మళ్ళీ పంపేది.

నిజాం రాజ్యంలోకి యూనియన్ సైన్యాలు వచ్చిన తరువాతి నెలలవి. బావగారు అప్పటికి ఉద్యోగం నుంచి దిగిపోయారు. పల్లెల్లో పగలు పోలీసుల భయం, చీకటి పడితే దళాలవాళ్ళ భయం. బాటల మీద ఏ పనీ లేకుండా తిరిగే మనిషి ఎవరికి వార్తలు మోస్తున్నాడోనని అందరికీ అనుమానమే. ఒక సాయంత్రం పోలీసు క్యాంపు జమాదారు బావగారిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆంధ్ర వైపు మనిషి, మర్యాదస్థుడు.

"వీరు మీ ఇంటివారేనాండీ?"

"నా పెద్ద కొడుకు. ఏం జేసిండు?" అన్నది అత్తమ్మ.

"ఏమీ చెయ్యలేదండీ. అదే మా ఇబ్బంది. పొద్దుటినుంచీ బాటలెంట తిరుగుతున్నారు. ఎక్కడికంటే ఎక్కడికీ కాదంటారు. ఇంట్లో ఏమన్నా చెప్పి వెళ్ళారా?"

"బయలెల్లేటోణ్ణి ఎక్కడికని అడుగుతరా ఎవలన్న? మీ దిక్కు అడుగుతరా ఏంది?"

"మా అమ్మ కూడా అడగనివ్వదండీ. కానీ నా ఉద్యోగమే అడగటం."

సందేహం పెరుగుతున్నదని నాకు అర్థమయింది. మా వారు ఊళ్ళో లేరు. తలమీద కొంగు సర్దుకుని, తలుపు దాటి వచ్చి, "నేనే పంపిన. మోతెకు, పెసలు తెమ్మని," అన్నాను.

జమాదారు బావగారి వైపు చూశాడు. బావగారు నా వైపు చూడకుండా, ఎప్పటిలాగే తల్లితో, "అమ్మా, పెసల సంగతి నాకెవ్వలూ చెప్పలేదే," అన్నారు.

జమాదారు నవ్వును మీసాల కింద దాచుకున్నాడు. "ఈ ఇంట్లో కుట్రలు నడవవులెండి," అన్నాడు. అయినా వెళ్ళబోతూ, పై అధికారులు తనలాగా ఊరుకోరనీ, పని లేకుండా ఇంకొకసారి బాట మీద కనబడితే సైకిలు క్యాంపుకు చేరుతుందనీ, మనిషికి కూడా తాను పూచీ కాదనీ చెప్పి వెళ్ళాడు.

సైకిలు పశువుల కొట్టంలోకి వెళ్ళింది. బావగారు అన్నం సగంలో లేచిపోవటం మొదలుపెట్టారు. అరుగు మీద కూర్చుని ఎదురుగోడను చూస్తుండేవారు. ఒక మధ్యాహ్నం కుడితి పట్టుకుని కొట్టంలోకి పోతే, ఆయన సైకిలు పక్కన గొంతుక్కూర్చుని చేత్తో పెడలు తిప్పుతున్నారు. గాలిలో వెనకచక్రం తిరుగుతున్నది. నేను శబ్దం చేయకుండా వెనక్కి వచ్చాను. ఈ మనిషి మంచం పడతారని నాకు గట్టిగా అనిపించింది.

ఆ పూటే అత్తమ్మ దగ్గర కూర్చుని గట్టిగా చెప్పాను. "అత్తమ్మా, పెసలు నిజంగనే అయిపోయినయి. బావగారికి అబద్ధం రాదు గద. నిజం పని చెప్తే పోతరేమో అడుగు."

అరుగు మీదనుంచి బావగారి గొంతు, "ఎన్ని పెసలో కనుక్కోవే అమ్మా," అని వినపడింది.

అప్పటినుంచి ఏ దిక్కుకు ఏ పని అన్నది నా బాధ్యత అయింది. ఇంటి సామాను ఒక పద్ధతిలో తెప్పించటం నాకు అలవాటే. ఇప్పుడు దానినే విడగొట్టాను. ఒకేసారి రావలసిన మిరపకాయలు నాలుగు దారుల్లో వచ్చాయి. నువ్వులు ఒకవైపు, చింతపండు ఇంకొకవైపు. ప్రతి పనీ నిజంగా ఇంటికి కావలసినదే అయ్యేటట్టు చూశాను. లేకపోతే ఆయన వెళ్ళరు. క్యాంపు ముందు జమాదారు, "ఇవాళ ఏమిటండీ మాస్టారూ?" అనేవాడట. "నువ్వులు," అని ఈయన. తిరుగుదారిలో సంచి తెరిచి చూపేవారు. కొన్నాళ్ళకు జమాదారే, "ఆ తాటివనం వైపు వెళ్తే మాకూ రెండు ముంజలు పట్టుకురండి," అన్నాడట. ఆ మాట చెబుతూ బావగారు అరుగు మీద నవ్విన నవ్వు చాలా రోజుల తరువాత విన్నాను. తినటం కూడా కుదుటపడింది.

మొన్నటికి బాటల మీద భయాలు తగ్గాయి. క్యాంపు ఎత్తేశారు. కోదాడలో ఉన్న చెల్లెలు రమ్మని కబురంపితే, బావగారు పొద్దున్నే సైకిలు తుడుచుకుని వాకిట్లో నిలబడ్డారు. "కోదాడకు పోతున్ననే అమ్మా. నీ కోడలికేం తేవాల్నో అడుగు," అన్నారు. అత్తమ్మ పెరట్లో స్నానం చేస్తున్నది.

నేను గడప దగ్గరికి వచ్చాను. "ఏం వద్దు బావగారూ. ఊరికే పోయి రండి," అన్నాను.

ఆయన తల వంచుకునే ఉన్నారు. "ఏమొద్దా?"

"ఏమొద్దు."

"మంచిదమ్మా," అన్నారు. నాతో నేరుగా అన్న ఆఖరి మాట అది.

వీధి మొగలో బర్రెల మంద అడ్డం వచ్చింది. ఆయన గంట కొట్టలేదు. ఒక కాలు నేల మీద ఆనించి, వెనకబడిన దూడ కూడా దాటేదాకా ఆగారు. కోదాడ పెద్దరోడ్డు కుడివైపు. ఆయన ఎడమవైపు తిరిగి, పొలాల్లోకి పోయే బండ్ల బాట మీద మెల్లగా తొక్కుకుంటూ వెళ్ళారు.